దుఃఖము పిలుపగునా?

ధ్యాన భాగములు: యోబు 2:11–13, ఆదికాండము 50:15–21, 2 కొరింథీయులకు 1:3–7



మన కూటములలో సాక్ష్యములు చెప్పుకొనునప్పుడు తరచుగా వినబడు మాట యొకటి గలదు. ఒక దంపతులు బిడ్డను పోగొట్టుకొని, ఆ దుఃఖములో ప్రార్థించి, తరువాత తమ పనిపాటలు విడిచి సంఘ సేవలో ప్రవేశింతురు. వారిని సభకు పరిచయము చేయువారు, “దేవుడు బిడ్డను తీసికొని తల్లిదండ్రులను పిలుచుకొనెను” అని చెప్పుదురు. సభ హల్లెలూయా అనును. ఆ తండ్రి చేతులెత్తును. ఆ తల్లి మాత్రము కొన్నిసార్లు తల వంచుకొని, కొంగు సవరించుకొనుచు కూర్చుండును. నేను చాలకాలముగా ఆ తల్లివైపే చూచుచున్నాను.

ఆ మాట చెప్పువారి ఉద్దేశము మంచిదే. బిడ్డ మరణము వ్యర్థము కాలేదని చెప్పవలెనని వారి ఆశ. దుఃఖములోనుండి సేవలోనికి వచ్చిన దంపతులు మన మధ్య నిజముగా ఉన్నారు, వారి సేవ ఫలించినది కూడ. దానిని నేను కాదనుట లేదు. అయినను ఆ మాట లోపల దేవుని గూర్చి ఒక తలంపు దాగియున్నది. దానిని వెలుగులోనికి తెచ్చి చూడకుండ ప్రతి సభలోను వాడుకొనుచు పోవుట మంచిది కాదు.

పశువులు గల ఇండ్లవారికి తెలిసిన సంగతి యొకటి చెప్పెదను. సంతలో కొన్న ఆవు కొత్త ఊరికి నడువక మొరాయించిన యెడల, దూడను భుజాన వేసికొని ముందు నడుతురు. ఆవు అరచుకొనుచు తానే వెంట వచ్చును. కర్రతో పనిలేదు; ఆవు ఇష్టముతో అసలే పనిలేదు. మనము చెప్పుకొను సాక్ష్యములో పరలోకపు తండ్రి ఆ సంత బేరగాని వలె కనబడుట లేదా? అందులోను బేరగాడు బ్రతికియున్న దూడను ఎత్తుకొనిపోవును, కొత్త ఇంటికి చేరినంతనే దానిని తల్లియొద్దకే విడుచును. మనము చెప్పు కథలో దూడ తిరిగి రాదు. అటువంటివానిని భయముచేత వెంబడింపవచ్చును గాని ప్రేమించుట ఎట్లు?

ఇందుకు బైబిలునుండి జవాబు చెప్పువారు ఉందురు. అబ్రాహామును దేవుడు కుమారుని అడుగలేదా అందురు. అడిగెను, కాని మోరీయా కొండమీద కత్తిని ఆపినవాడును ఆయనే. హన్నా సమూయేలును ఇయ్యలేదా అందురు. ఇచ్చెను, తానే మ్రొక్కుకొని, పాలు విడిపించిన బిడ్డను, బ్రతికియున్న బిడ్డను ఇచ్చెను. ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయి వాని కళ్లారా చూచుకొనెను. తీసికొనబడుటకును ఇచ్చుటకును భేదము ఉన్నది, దానిని చెరిపివేయరాదు. పిచ్చుక సంగతి కూడ కొందరు ఎత్తుదురు. తండ్రికి తెలియక అది నేల పడదని ప్రభువు చెప్పినది నిజమే. తండ్రియే దానిని విసరి పడవేయునని ఆయన చెప్పలేదు. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు ఎందుకు చచ్చిరని జనులు కారణము వెదకగా, ఆయన కారణము చెప్ప నిరాకరించెను.

వీటన్నిటికంటె కఠినమైన భాగము యెహెజ్కేలు 24వ అధ్యాయము. ప్రవక్త భార్య ఒక్క దినములో చనిపోవును. ఆమెకొరకు ఏడ్వవద్దని ఆజ్ఞ వచ్చును. ఈ భాగమును నేను సెమినరీలో చదువుకొనిన నాటినుండి ఇప్పటివరకు సుళువుగా దాటిపోలేకపోవుచున్నాను. అయితే ఒకటి గమనింపుడి. యెహెజ్కేలుకు పిలుపు వచ్చినది చెరలోని అయిదవ సంవత్సరమున. భార్య మరణించినది తొమ్మిదవ సంవత్సరమున. అతడు అప్పటికే నాలుగేండ్లుగా ప్రవక్త. ఆ మరణము అతని పిలుపు కాదు. యెరూషలేము ఆలయము కూలబోవుచున్నదని జనమునకు చూపిన గురుతు అది. గురుతుగానైనను అది నాకు బరువుగానే యున్నది. కాని దానిని తెచ్చి మన పొరుగింటి తల్లి మెడలో వ్రేలాడదీయుటకు మనకు అధికారము లేదు.

ఇంతవరకు లేఖనము. ఇక మిషనరీ చరిత్రలో దుఃఖము ద్వారా సేవలోనికి వచ్చిన దంపతులుగా పేరుపడిన వారి సంగతి చూతము. మన తెలుగు దేశమునకు సముద్రమునకు ఆవలి గట్టున ఉన్న బర్మాలో, అనగా నేటి మియన్మార్‌లో, సేవ చేసిన జార్జి డేనా బోర్డుమన్, సారా హాల్ అనువారి చరిత్ర నాకు ఈ విషయములో చాల ఉపయోగపడినది.

1822లో జేమ్సు కోల్మన్ అను యువక మిషనరీ బంగాళాఖాతపు ఒడ్డున కాక్స్ బజారులో జ్వరముచేత మరణించెను. ఆ వార్త ఓడలమీద నెలల తరబడి ప్రయాణము చేసి అమెరికాకు చేరెను. అక్కడ మేను రాష్ట్రములో వాటర్విల్ కళాశాలలో చదువు ముగించి, అక్కడనే బోధించుచున్న యువకుడు బోర్డుమన్ ఆ వార్త విని, కోల్మన్ స్థానములోనికి ఎవరు వెళ్లుదురని తన్ను తాను ప్రశ్నించుకొని, నేనే వెళ్లుదునని తీర్మానించుకొనెను. అదే వార్త మస్సచూసెట్స్‌లోని సేలెం పట్టణములో పదునెనిమిది పందొమ్మిదేండ్ల పడుచు సారా హాల్ కూడ వినెను. పదుముగ్గురు పిల్లలలో ఆమె పెద్దది. చిన్నప్పటినుండి తల్లికి తోడుగా ఇంటి పని చేసినది. కోల్మన్ మరణము గూర్చి ఆమె ఒక విలాపగీతము వ్రాసెను. అది అచ్చుపడి బోర్డుమన్ కంటబడెను. వ్రాసినవారెవరని అతడు విచారించి కనుగొనెను. 1825 జూలైలో వారికి పెండ్లి జరిగెను; ఆ నెలలోనే ఓడ ఎక్కిరి.

ఒక మరణవార్త ఇద్దరిని, ఒకరికొకరు తెలియనప్పుడే, వేరు వేరు ఊళ్లలో కదిలించినది. మన పెండ్లి సంబంధముల పద్ధతికి ఇది చిత్రముగా తోచును గాని, నాకు ఇందులో ముఖ్యమైనది వేరొకటి. భర్తకు పిలుపు వచ్చినందున భార్య వెంట రాలేదు. భార్య తనంతట తానే విన్నది.

అప్పుడు ఆంగ్లేయులకును బర్మా రాజునకును యుద్ధము జరుగుచుండుటచేత వారు కలకత్తాలో ఆగవలసివచ్చెను. 1827 ఏప్రిలులో బర్మా తీరము చేరిరి. అక్కడ వారికి ముందు వెళ్లిన అడోనిరాము జడ్సను, ఆరు నెలల క్రిందట భార్య ఆన్‌ను పాతిపెట్టినవాడు, ఆ నెలలోనే రెండేండ్ల కుమార్తె మరియను తల్లి ప్రక్కన పాతిపెట్టెను. కొత్తగా వచ్చిన దంపతులకు మొదట కనబడినది అది. ఆ జడ్సను సంగతి కూడ ఒక మాట చెప్పుకొనవలెను. అప్పటికి అతడు పదునాలుగేండ్లుగా బర్మాలో సేవ చేయుచున్నాడు. ఆ దుఃఖము అతనిని సేవలోనికి తేలేదు. దాదాపు సేవలోనుండి వెలికి తీసికొనిపోయినది. అడవి అంచున గుడిసె వేసికొని, ఒక సమాధి గొయ్యి త్రవ్వించుకొని దాని ప్రక్కన కూర్చుండెడివాడు. దేవుడున్నాడని నమ్ముచున్నాను గాని ఆయన నాకు దొరకుట లేదను భావముతో ఉత్తరము వ్రాసెను. దుఃఖము తనంతట తాను మనుష్యుని దేవునియొద్దకే నడిపించునని చెప్పువారు ఈ ఉత్తరము సంగతి మరువరాదు.

1828లో బోర్డుమన్ దంపతులు దక్షిణమున టావోయికి, అనగా నేటి దావే పట్టణమునకు వెళ్లిరి. వారితో కో థా బ్యూ అను కరేను జాతివాడు వెళ్లెను. ముప్పదిమందికి తక్కువ కాకుండ తన చేతిలో చచ్చిరని తానే ఒప్పుకొనిన బందిపోటు అతడు. అప్పుకొరకు బానిసగా పట్టుబడి, క్రైస్తవులచేత విడిపింపబడినవాడు. ఆ మే నెల 16వ తేదీన బోర్డుమన్ అతనికి బాప్తిస్మమిచ్చెను. కరేను జనులలో మొదటి విశ్వాసి అతడే. కొండ గ్రామముల మధ్య సువార్త ప్రాకినది ఎక్కువగా అతని కాళ్లమీదనే గాని దొరల కాళ్లమీద కాదు. మన తెలుగు దేశములోను పల్లెలకు సువార్త చేరినది ఆ విధముగానే గదా.

1829 జూలైలో వారి పెద్ద కుమార్తె చనిపోయెను. దానికి ఇంకను మూడేండ్లు నిండలేదు. మరుసటి నెలలో టావోయిలో తిరుగుబాటు లేచి, వారు ప్రాణము చేతబట్టుకొని పారిపోవలసివచ్చెను. ఇల్లు దోపిడి అయ్యెను. 1830లో చంటి కుమారుడు చనిపోయెను. అంతలో జార్జికి క్షయ ముదిరెను. 1831 ఆరంభమున, కొండలలో బాప్తిస్మమునకు సిద్ధపడియున్న కరేను విశ్వాసులను చూడవలెనని అతడు పట్టుపట్టగా, మంచముమీద మోసికొనిపోయిరి. మూడు దినముల ప్రయాణము. సారా వెంట నడిచెను. కొత్తగా వచ్చిన ఫ్రాన్సిసు మేసను అను మిషనరీ ఏటిలో ముప్పది నలుగురికి బాప్తిస్మమియ్యగా, జార్జి ఒడ్డున మంచముమీద పరుండి చూచెను. ఫిబ్రవరి 11న, టావోయికి తిరిగి చేరకమునుపే, దారిలో ప్రాణము విడిచెను. అతనికి ముప్పది ఏండ్లు. సారాకు ఇరువది ఏడు. చేతిలో రెండున్నరేండ్ల బాబు.

ఇక్కడ మన సాక్ష్యకారులు లెక్క మొదలుపెట్టుదురు. కోల్మన్‌ను తీసికొని దేవుడు బోర్డుమన్‌ను పిలిచెను అందురు. సరే, బోర్డుమన్‌ను తీసికొని ఎవరిని పిలిచెను? మేసను అప్పటికే వచ్చియున్నాడు. రెండేండ్ల ఆ పసిదానిని తీసికొని ఎవరిని పిలిచెను? ఆ తల్లిదండ్రులు అంతకుముందే లోబడి, సముద్రము దాటి, పనిలో నిలిచియున్నారే! పిలిచినవారినే మరల పిలుచుటకా? ఈ లెక్క ఎక్కడను తేలదు. కోల్మన్ జ్వరముచేత చచ్చెను. ఆ జ్వరము ఆ తీరములో ఊరివారిని కూడ చంపుచుండెను. ఆ మరణవార్త విని ఇద్దరు పడుచువారు కదలిరి. ఆ కదలికలో దేవుని ఆత్మ పనిచేసెనని నేను మనస్ఫూర్తిగా నమ్ముచున్నాను. కాని ఆ కదలికకొరకు దేవుడు జ్వరము పంపెనని చెప్పుట వేరు. ఇల్లు కాలినప్పుడు పొరుగువారు నీళ్ల బిందెలతో పరుగెత్తుకొని వత్తురు. వారి ప్రేమను చూపుటకే ఇల్లు కాల్చబడెనని ఎవరైన చెప్పుదురా?

సారాను ఇంటికి తిరిగి పొమ్మని చెప్పిన హితులు లేకపోలేదు. వెళ్లియుండిన ఎవరును తప్పు పట్టరు, నేనును పట్టను. ఆమె నిలిచెను. బడులు నడిపెను, పిల్లవానిని వెంటబెట్టుకొని కరేను కొండ గ్రామములు తిరిగెను. భర్త ఆజ్ఞ లేదు, మిషను బలవంతము లేదు. ఎదుట విచారించువారు వచ్చుచున్నారు, వారిని విడువలేకపోయెను. 1834లో జడ్సనును పెండ్లాడెను. యాత్రికుని ప్రయాణము అను గ్రంథమును బర్మా భాషలోనికి తెచ్చినది ఆమెయే. ఆ యేటి చివరనే, ఆరోగ్యము నిమిత్తమును చదువు నిమిత్తమును, ఆరేండ్ల ఆ పిల్లవానిని అమెరికాకు ఓడ ఎక్కించి పంపెను. తల్లి మరల వానిని చూడలేదు. అతడు పెద్దవాడై సంఘ కాపరి అయ్యెను. ఆమె 1845లో స్వదేశమునకు పోవుచు దారిలో, సెయింట్ హెలెనా ద్వీపము యొద్ద మరణించి, అక్కడనే పాతిపెట్టబడెను.

ఇప్పుడు రెండవ దంపతులు. వీరి గూర్చి మన వార్షికోత్సవ ప్రసంగములలో సగమే చెప్పుదుము. విలియం కేరీ మనకు ఋణదాత. తెలుగు భాషకు ఆయన వ్యాకరణము 1814లో శ్రీరాంపురములో అచ్చయినది. కాని డొరతీ కేరీ పేరు మనలో ఎందరికి తెలియును?

1781లో ఇంగ్లాండులోని పిడింగ్టను గ్రామములో పెండ్లినాడు డొరతీ సంతకము చేయలేక గీత పెట్టెను. ఆమె చెప్పులు కుట్టువానిని పెండ్లాడెను గాని మిషనరీని కాదు. ఇద్దరు ఆడపిల్లలను ఆ దేశములోనే పాతిపెట్టెను. 1793లో భర్త బంగాళమునకు పోవుదునని చెప్పగా, నెలలు నిండియున్న ఆమె రాననెను. అతడు పెద్ద కుమారుని తీసికొని బయలుదేరెను. ఓడ ఆలస్యమగుటచేత తిరిగివచ్చి మరల అడిగిరి. చెల్లెలు తోడు వచ్చునట్లయిన వత్తునని ఆమె ఒప్పుకొనెను. ఒడిలో కొన్ని వారముల చంటివాడు. దానిని ఒప్పుదల అనవచ్చునా అని నేను పలుమారులు తలంచితిని. దూడను భుజాన వేసికొని ముందు నడచుట కాదా అది?

1794 అక్టోబరులో, ముద్నాబాటి అను నీలిమందు కర్మాగారపు ఊరిలో, అయిదేండ్ల పీటరు విరేచనముల జ్వరముచేత చనిపోయెను. కుల భయముచేత శవమును ముట్టుటకును గొయ్యి త్రవ్వుటకును మనుష్యులు దొరకుట కష్టమాయెను. ఆ తరువాత డొరతీ మతి చెడెను. 1807 డిసెంబరులో మరణించువరకు, పన్నెండేండ్లు, ఆమె ఆ స్థితిలోనే యుండెను. ఒక గదిలో అనువాదము సాగుచుండగా ప్రక్క గదిలో ఆమె కేకలు వినబడుచుండెనని చరిత్రకారులు వ్రాసిరి. కేరీని న్యాయము తీర్చుట నా పని కాదు. అతడు ఆమెను విడిచిపెట్టలేదు. పిచ్చివారిని బంధించు ఆశ్రమములకు ఆ కాలపు అలవాటు చొప్పున పంపివేయలేదు. కాని మనకు అందిన వాక్యము యొక్క వెలలో డొరతీ వంతు ఎంతయో లెక్క వేసినవారు లేరు. ఆమె ఇచ్చినది కాదు అది, ఆమెయొద్దనుండి పోయినది.

రెండు ఇండ్లలోను పసివారు చచ్చిరి. రెండు ఇండ్లలోను గొప్ప పని జరిగెను. బిడ్డల మరణము పిలుపు అయిన యెడల ఇద్దరు తల్లులకును అది పిలుపు కావలసియుండెను. భేదము మరణములో లేదు. సారా తన చెవులతో విన్నది. డొరతీకి భర్త వినిపించినాడు.

యోసేపు చరిత్ర చదువుడి. అన్నలు కీడు తలపెట్టగా దేవుడు దానిని మేలునకు త్రిప్పెనని అతడు ఆదికాండము చివర చెప్పును. అనేకులు ఈ వచనముమీదనే తమ సిద్ధాంతము కట్టుదురు. మంచిదే, కాని ఆ మాట చెప్పినది ఎవరు? గుంటలో పడవేయబడినవాడు. ఎప్పుడు? ఎన్నో ఏండ్లు గడచి, తండ్రిని పాతిపెట్టిన తరువాత. ఆ అన్నలే గుంట ఒడ్డున కూర్చుండి అన్నము తినుచు, “తమ్ముడా, ఏడ్వకు, ఇందులో దేవుని ఉద్దేశమున్నది” అని లోపలికి వంగి చెప్పియుండినయెడల? మాట ఒకటే. ఒకరి నోట అది విశ్వాసము, మరియొకరి నోట అది క్రూరత్వము. తన దుఃఖములో దేవుని పిలుపు వింటినని చెప్పు హక్కు దుఃఖించినవానిదే. భర్తయైనను భార్య పక్షముగా ఆ మాట చెప్పలేడు. ఒకే బిడ్డకు ఇద్దరు ఏడ్చినను ఆ ఏడ్పులు రెండు.

యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద అతనితో కూర్చుండి నోరు తెరువలేదు. ఆ వారము వారు చేసిన పని శ్రేష్ఠమైనది. ఎనిమిదవ దినమునుండి కారణములు చెప్ప మొదలుపెట్టిరి, చెడగొట్టిరి. చివరకు దేవుడే మాటలాడినప్పుడును పదిమంది బిడ్డలు ఎందుకు పోయిరో యోబునకు చెప్పలేదు. దేవుడే చెప్పని దానిని ఆదరణ కూటములో పది నిమిషములు దొరికిన ప్రసంగికుడు ఎట్లు చెప్పును?

ఇది పుస్తకములలోని చర్చ కాదని చూపుటకు మా ప్రాంతపు సంగతి యొకటి చెప్పవలెను. పేర్లు చెప్పను. భర్త తాపీ మేస్త్రీ, భార్య మిరప కోతలకు పోవును. రెండేండ్ల క్రిందట వారి ఏడేండ్ల కుమారుడు డెంగీ జ్వరముతో వారము తిరుగకుండ పోయెను. చిన్నది ఒక ఆడపిల్ల యున్నది. ఆదరణ కూటమునకు వచ్చిన ఒక అతిథి, దేవుడు పిల్లవానిని తీసికొని మిమ్మును అడుగుచున్నాడని ఆ దంపతులతో చెప్పెను. భర్త ఆ మాటను గట్టిగా పట్టుకొనెను; బైబిలు తర్ఫీదుకు పోవుదుననెను. భార్య ఆరాధనకు వచ్చుట మానెను.

నా భార్య ఆమె ఇంటికి పోగా, చాలసేపటికి ఆమె అడిగిన దిది: “అమ్మగారూ, నేను సేవకు రానంటే దీన్ని కూడా తీసుకుంటాడా?” చిన్నది అక్కడే ఆడుకొనుచున్నదట.

ఈ ఒక్క ప్రశ్న కొరకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. మనము హల్లెలూయా చెప్పిన మాట ఒక తల్లి చెవిలో ఏమై పడినదో చూడుడి. దేవుడు ఆమెకు బెదిరింపు ఉత్తరము వ్రాసినవాడాయెను. నా భార్య, “తీసుకోడమ్మా. అట్లాంటివాడు కాదు” అని మాత్రము చెప్పి, సాయంకాలమువరకు ఆమెతో కూర్చుండి చింతపండు పిక్కలు తీసి వచ్చినది. నేనయితే ఒక ప్రసంగము చేసియుందునేమో. కొన్ని సంగతులు పాస్టరమ్మలకే బాగుగా తెలియును.

కొన్ని నెలలకు ప్రక్క పేటలో ఒక పసివాడు కాలువలో పడి చనిపోయెను. ఎవరును పంపకుండనే ఆమె ఆ యింటికి పోయెను. బిందెతో నీళ్లు తెచ్చి, జావ కాచి, అక్కడి చిన్నపిల్లలకు త్రాగించి, ఆ తల్లి ప్రక్కన చీకటి పడువరకు కూర్చుండి తిరిగివచ్చెను. ఏమి చెప్పితివమ్మా అని అడుగగా, ఏమీ చెప్పలేదు అన్నది. అప్పటినుండి అటువంటి ఇండ్లకు ఇంకొక రెండు మారులు పోయినది. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో పౌలు చెప్పినది ఇదే అని నాకు తోచుచున్నది: శ్రమలలో మనకు దొరికిన ఆదరణ మన చేతులగుండ మరియొకరికి పోవును. ఆ ఆదరణ పంచుటకే శ్రమ పంపబడెనని పౌలు లెక్క చెప్పుట లేదు. మన తెలుగు మిషనులలో మునుపు ఇంటింటికి తిరిగిన బైబిలు స్త్రీలలో విధవలు అనేకులు. వారు ఏ ఇంటి గడప తొక్కినను ఏడ్చువారికి తోడు దొరికెను.

ఇది జరిగిన తరువాత భర్త తర్ఫీదు దరఖాస్తు తెచ్చి, నా సిఫారసు ఉత్తరము అడిగెను. నేను భార్యతో వేరుగా, నా భార్య ఎదుట, మాటలాడితిని. ఆమె తడుముకొనకుండ చెప్పినది: “ఆయన వెళ్తే వెళ్లమనండి అయ్యగారూ. నాకు మాత్రం దేవుడితో ఇంకా మాటలు సరిగ్గా లేవు.” ఇంతకంటె నిజమైన ప్రార్థన ఆ నెలలో మా ఊరిలో ఎవరును చేయలేదని నా అభిప్రాయము. భర్తను కొంతకాలము ఆగుమంటిని. అతనికి కష్టము తోచెను. సైతాను అడ్డుపడుచున్నాడని ఎవరో అతనికి చెప్పిరట. అడ్డుపడుచున్నది సైతాను కాదు, నీ భార్య, ఆమె మాట విను అని చెప్పితిని. అతడు ఆగియున్నాడు. ఆదివారము పిల్లలకు పాటలు నేర్పుచున్నాడు. ఆమె ఆరాధనకు వచ్చుచున్నది, వెనుక వరుసలో కూర్చుండును. వారు సేవలోనికి వత్తురో రారో నాకు తెలియదు.

సంఘ పెద్దలకును పాస్టరేటు కమిటీలవారికిని ఒక మనవి. స్త్రీలకే గురుత్వాభిషేకమిచ్చు సంఘములు ఉన్న ఈ దినములలోను, సేవకు దరఖాస్తు పెట్టిన పురుషుని మనము గంటసేపు ప్రశ్నించుదుము. భార్యను పిలిచి పాటలు పాడగలవా అని మాత్రము అడుగుదుము. ఆమె తల ఊపిన యెడల పిలుపు ఉన్నదని వ్రాసికొందుము. ఇకమీదట భార్యతో వేరుగా, భర్త లేనప్పుడు, ఒక స్త్రీ పెద్ద ఎదుట మాటలాడవలెను. ఆమె ఇప్పుడు వద్దన్నచో ఆ మాట ఆ గది దాటి పోకూడదు, ఆమెకు అపకీర్తి కాకూడదు. ఇంటిలో మరణము జరిగి సంవత్సరము తిరుగకమునుపు ఏ దంపతులను సాక్ష్యమునకు వేదిక ఎక్కింపకుందుము గాక. ఆదరణ కూటములలో ప్రసంగము కావలసినదేనా అనునది కూడ ఆలోచింపదగినది. వాక్యము చదివి, ప్రార్థించి, కూర్చుండిన చాలును. వచ్చు నెల పెద్దల కూటములో ఈ సంగతులు మా సంఘములో చర్చకు పెట్టుచున్నాను. ఇతర సంఘములవారు తమ అనుభవములు ఈ పత్రికకు వ్రాసినయెడల, ముఖ్యముగా కాపరుల భార్యలు వ్రాసినయెడల, నేను కృతజ్ఞుడనై చదివెదను.